అందరికంటే ఎనిమిది రోజుల ముందు

ఏడాది 31, రోజు 471

ఈ ఉదయం ఆరు దుమ్ము గుడ్డలు మార్చాం. అంగారకుడి మీద ఏడాదికి 668 రోజులు, అందులో దుమ్ము కాలం నాలుగువందలవ రోజుకు మొదలై ఆరువందల పది దాటేదాకా వదలదు. అన్నాళ్ళూ బయటి గాలిని లోపలికి లాగే గొట్టాలకు కట్టిన గుడ్డలు రోజూ విప్పి, దులిపి, మళ్ళీ కట్టాలి. ఆ గొట్టాల షెడ్డు నా బాధ్యత. మూడో గొట్టం దగ్గర ఉండగా సర్పంచి తవిటినాయుడు గారు వచ్చారు. మామూలుగా షెడ్డు గడప దాటి లోపలికి రారు, తెల్ల చొక్కా పాడవుతుందని.

"దమయంతి గారూ, సొరంగపట్నం వాళ్ళు మళ్ళీ ముందుకు జరిగారండి."

"ఎంతకి?"

"వచ్చే ఏడాది డెబ్భయ్యో రోజుకి."

నాకున్న రెండో ఉద్యోగం ఎర్రమెట్ట రాష్ట్ర ఎన్నికల అధికారి. సమాఖ్య అధ్యక్షుడి ఎన్నిక వచ్చే ఏడాది 330వ రోజున. దానికి ముందు మేమూ సొరంగపట్నమూ సహా పదకొండు రాష్ట్రాలూ ఒకదాని తర్వాత ఒకటి ఎంపిక ఓటు వేసి, అభ్యర్థుల్లో ఎవరు చివరిదాకా నిలవాలో తేలుస్తాయి. అందరికంటే ముందు ఓటు వేసేది మేమే. మొత్తం 412 ఓట్లున్న చిన్న రాష్ట్రం మాది. మా చట్టంలో ఒక వాక్యం ఉంది: ఎర్రమెట్ట ఓటు మిగతా ఏ రాష్ట్రం ఓటుకన్నా కనీసం ఎనిమిది రోజులు ముందు జరగాలి, తేదీ ఎన్నికల అధికారి సంతకంతో ఖాయమవుతుంది.

మేం నిన్నటిదాకా 82వ రోజు అనుకున్నాం. చేతులు కడుక్కుని 62 అని రాసి సంతకం చేశాను. ఈ దుమ్ము కాలంలో ఇది రెండో మార్పు.

రోజు 483

సొరంగపట్నం ముప్ఫయ్యో రోజుకు జరిగింది. మేం ఇరవై రెండుకు జరిగాం.

మధ్యాహ్నం గాలి కాస్త తెరిపి ఇవ్వడంతో మంచుబావి నుంచి మంచు బండి వచ్చింది. మంచుబావి మాకు నూట నలభై కిలోమీటర్ల దూరం. అక్కడ నేలలో మూడు వందల మీటర్ల లోతున మంచు తవ్వి పంపుతారు, ఊరంతా తాగేది ఆ నీళ్ళే. నలభై ఏడు మంది ఓటర్లు అక్కడుంటారు. బండితో పాటు అసిరయ్య మావయ్య వచ్చాడు. తొలి ఓడలో పిల్లాడిగా దిగినవాడు. ఇప్పటికీ ఎవరు వద్దన్నా బండెక్కి వస్తాడు.

షెడ్డు బయట బల్ల మీద కూర్చుని టీ తాగుతూ అడిగాడు.

"మల్లా తేదీ మార్సినారంట కదమ్మా?"

"మార్చాం మావయ్యా. ఇరవై రెండో రోజు."

"ఏ రోజయితే ఏటి గానీ, ఈపాలి మా బావి మాట అడగాల. మనుసుల్ని దింపే తాడు రెండుపాలి తెగిపోనాది. మా సింహాద్రి కాళ్ళు అలాగే కదా పోనాయి. నీలవేణి అడుగుతాదంట. రాసుకుని పెట్టుకున్నాది."

సింహాద్రి మావయ్య కొడుకు. నీలవేణి కోడలు, ఇప్పుడు మంచుబావికి మేస్త్రీ కూడా ఆమే.

ఓటుకు ముందు అభ్యర్థులు మా హాల్లో ఎత్తు పీట మీద కూర్చోవాలి. ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పాలి. మొదటి రాష్ట్రం హాల్లో అడిగిన ప్రశ్న సమాఖ్య పుస్తకంలోకి ఎక్కుతుంది, గెలిచినవాళ్ళు దానికి రాతపూర్వకంగా బదులివ్వాలి. మిగతా రాష్ట్రాలకు ఆ హక్కు లేదు. ఏడాది 16 ఎన్నికలో ఒక అభ్యర్థి తొమ్మిది రోజులు మా హాల్లోనే పడుకుంది. చుట్టుపక్కల ఇళ్ళలోంచి దగ్గు వినిపించి నిద్రపట్టక, ఆ దగ్గేమిటని తనే ఎదురడిగింది. తర్వాతి దుమ్ము కాలానికి ఆసుపత్రిలో ఊపిరితిత్తులు కడిగే యంత్రం వచ్చింది. మాకు మొదటి స్థానమంటే అదీ.

"నువ్వు కూడా వస్తావా మావయ్యా?"

"రాకపోతే ఓటెవులేస్తారు?" అన్నాడు. తీగ మీద, రేడియో మీద ఓటు వేయడం ఏడాది 9లో మోసం బయటపడ్డాక ఆపేశారు. ఓటు కావాలంటే మనిషి హాలుకు రావాల్సిందే.

రోజు 503

పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పారు. సొరంగపట్నం ఈ ఏడాదిలోకే వచ్చేసింది. ఈ ఏడాది 606వ రోజు. వాళ్ళ చట్టం ప్రకారం వంద రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి అంతకన్నా ముందుకు ఇక రాలేరు. మాకు అలాంటి షరతు లేదు. సర్పంచి గారు కాగితం నా ముందు పెట్టారు. 598 అని రాసి ఉంది.

"ఇది దుమ్ము మధ్యలో పడుతుంది కదండీ," అన్నాను. "అభ్యర్థులు ఎలా వస్తారు?"

"వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు. మొదటి ఓటు వదులుకుంటారేటి?"

"మంచుబావి వాళ్ళో?"

"వాళ్ళు నలభై ఏడు మందండి. మనం నాలుగువందల పన్నెండు."

"ఆ నలభై ఏడూ ఈ నాలుగువందల పన్నెండులోనివే."

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా అమ్మ ఆ యంత్రం వల్ల ఇంకో ఐదేళ్ళు బతికింది, దమయంతి గారూ. మన మొహం చూసి ఇచ్చారేటి ఆ యంత్రం? మొదట మన దగ్గరికి రావాలి గనక వచ్చారు, వచ్చారు గనక చూశారు. రెండో స్థానంలోకి పోతే ఇక మన గేటు ఎవరు తడతారు చెప్పండి."

ఆయన తప్పు మాట్లాడలేదు. సంతకం చేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

రోజు 541

ముగ్గురు అభ్యర్థులూ కబురు పంపారు. దుమ్ములో ఎగిరే బండ్లు నడవవు, రాలేం, క్షమించండి. వాళ్ళకు బదులు మాటబొమ్మలు పంపుతారట. మాటబొమ్మ అంటే హాల్లో మనిషెత్తున వెలుగుతో నిలబడే రూపం, అభ్యర్థి గొంతుతోనే జవాబు చెబుతుంది.

ఇవాళ ఒకదాన్ని పరీక్షగా వెలిగించి చూశాం. వరూధిని అనే ఆవిడ బొమ్మ. గాలి యంత్రాల ఇంజనీరుగా పనిచేసిన మనిషి. బడిపంతులు జగన్నాథం ముందుగా అడిగాడు.

"మా పంటగదిలో ఆకుకూరలు పసుపెక్కిపోతున్నాయండి. ఏం చేద్దామంటారు?"

"ఎర్రమెట్ట రైతుల కష్టం నాకు తెలుసు. వారికి అండగా ఉంటాను," అంది బొమ్మ.

"రైతులు కాదండీ, ఇక్కడ అందరం వంతులవారీగా చేస్తాం. వెలుగు చాలట్లేదా, నీళ్ళా?"

"ఎర్రమెట్ట నీటి సమస్య నా మనసుకు దగ్గరైనది."

నవ్వొచ్చింది గానీ హాల్లో ఎవరూ నవ్వలేదు. జగన్నాథం మెల్లగా వెళ్ళి స్విచ్చి ఆపేశాడు.

రోజు 560

నీలవేణితో రేడియోలో మాట్లాడాను. గరగర మధ్య ఆమె గొంతు వచ్చిపోతూ ఉంది.

"రావద్దు నీలవేణీ. అభ్యర్థులు రావడం లేదు. బొమ్మలే."

"బొమ్మని అడిగినా పుస్తకంలోకి ఎక్కుతాది కదా వదినా?"

ఎక్కుతుంది. చట్టంలో ప్రశ్న గురించే ఉంది, ఎదురుగా ఎవరున్నారన్నది లేదు.

"మీ తరఫున నేను అడగలేనా అని చూశాను. ఎవరి ప్రశ్న వాళ్ళే హాల్లో నిలబడి అడగాలట."

"అయితే వత్తాం."

"దుమ్ములో నూట నలభై కిలోమీటర్లు. ఒక్క బండి మీద."

గరగర ఒకసారి పెరిగి తగ్గింది. తర్వాత అంది. "రోజూ మూడు వందల మీటర్లు ఆ తాడు మీదే దిగుతున్నాం వదినా. నాలుగేళ్ళకోపాలి అడిగే రోజు వత్తాది. ఆ రోజుని దుమ్ములో పెట్టింది నానా? సంతకం ఎవులు పెట్టినారు?"

నేను పెట్టాను అని చెప్పాను.

"తెలుసు," అంది. కోపంగా అనలేదు.

రోజు 594

పొద్దున్న ఆరింటికి మంచుబావి నుంచి చక్రాల పట్టీల మీద నడిచే పాకుడు బండి బయల్దేరింది. పందొమ్మిది మంది. మిగతావాళ్ళు బావి దగ్గరే ఆగిపోయారు. అసిరయ్య మావయ్యను వద్దన్నా వినలేదట. దారి పొడుగునా కిలోమీటరుకొక రాతి గుర్తు ఉంటుంది. ఒక్కో గుర్తు దాటగానే మాకు ఒక చిన్న కూత వినిపించాలి. దుమ్ములో గంటకు ఏడెనిమిది గుర్తులకు మించి దాటలేరు.

సాయంత్రం నాలుగింటికి అరవై ఒకటో గుర్తు కూత వచ్చింది. అంటే మాకు ఇంకా అరవై ఒక్క కిలోమీటర్లు. ఆ తర్వాత కూత రాలేదు.

రోజు 595

కూత రాలేదు. వాళ్ళ బండిలో నాలుగు రోజుల ఆక్సిజన్ ఉంటుంది. రేడియోలో గరగర కూడా లేదు, అంటే దారిలోని రేడియో స్తంభం పడిపోయి ఉండాలి. మా ఊళ్ళో ఉన్న ఒక్క పాకుడు బండిని తీద్దామని చూశాం. ఇరవై అడుగులు వెళ్ళి చక్రాల పట్టీ దుమ్ములో కూరుకుపోయింది. దాన్ని వెనక్కి లాగడానికి మధ్యాహ్నం అయింది.

అంత దుమ్ములో నడిచే పెద్ద యంత్రం మాకు దగ్గర్లో ఒకటే ఉంది. సొరంగపట్నం వాళ్ళ దారి తవ్వే యంత్రం. వాళ్ళ శిబిరం అరవై ఒకటో గుర్తుకు నలభై కిలోమీటర్ల దూరం. సర్పంచి గారితో చెప్పాను.

"వాళ్ళనా?" అన్నారు. మళ్ళీ తనే, "అడగండి. నా పేరు కూడా చెప్పండి," అన్నారు.

సొరంగపట్నం ఎన్నికల అధికారి రజిత. నలభై వేల మంది ఉండే రాష్ట్రం ఆమెది. ఇంతకుముందు నోటీసుల మీద సంతకాలు తప్ప మా మధ్య మాటల్లేవు. తీగ లైను మీద దొరికింది. చెప్పాను. తేదీల గురించి గానీ, ఓటు గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు.

"ఎంతమంది ఉన్నరక్కా?"

"పందొమ్మిది మంది. ఒక ముసలాయన ఉన్నాడు."

"లైన్ల ఉండు."

ఆమె ఎవరితోనో గట్టిగా మాట్లాడటం వినిపించింది. కౌన్సిల్ అనుమతి కావాలని అవతలి మనిషి అంటున్నాడు. "అనుమతి నేను రాసిస్త, నువ్వు ముందుగాల బండి తియ్," అంది.

రోజు 597

ఏ వార్తా లేదు. దారి యంత్రం నిన్న పొద్దున్న బయల్దేరింది. దాని రేడియో కూడా దుమ్ములో మూగబోయింది.

గుడ్డలు మార్చాం. హాల్లో బల్లలు వేశాం. ఓటు కాగితాలు 412, కట్టలుగా కట్టి పెట్టాను. మాటబొమ్మలు మూడూ మూల గోడ వారగా పెట్టారు. వెలిగించకపోతే అవి నల్లటి డబ్బాలే.

సాయంత్రం రజిత మళ్ళీ లైన్లోకి వచ్చింది. కబురు తెలుసుకుందామని చేసింది, కానీ ఇద్దరి దగ్గరా కబురు లేదు. అలా అని లైను పెట్టేయబుద్ధి కాలేదు.

"మీరు మొదటి స్థానం కోసం ఎందుకింత పట్టుపడుతున్నారు రజితా?" అని అడిగాను. "నలభై వేల మంది ఉన్నారు. అభ్యర్థులు ఎటూ మీ దగ్గరికి వస్తారు."

"వస్తరక్కా. పై సొరంగంల సభ పెట్టి పోతరు. కింది సొరంగాలల్ల పదకొండు వేల మంది ఉన్నరు. ఇప్పటిదాకా ఒక్క అభ్యర్థి దిగలె. మీ ఊర్ల ప్రశ్న అడిగితే జవాబు రాయాలంట కదా. మాకు గా హక్కు లేదు. మా వాళ్ళు అడిగేది తప్పా చెప్పు?"

తప్పు కాదు అన్నాను.

"నేను కింది సొరంగంల పుట్టిన," అంది రజిత.

రోజు 598

పొద్దున్న తొమ్మిదింటికే హాలు నిండిపోయింది. మూడు వందల అరవై మంది దాకా ఉన్నారు. అందరూ ఉతికిన బట్టలు వేసుకున్నారు. ఓటు రోజున మా ఊళ్ళో అది అలవాటు. సర్పంచి గారు గంట కొట్టబోతుంటే ఒక్క నిమిషం అన్నాను.

బల్ల ముందుకొచ్చి నిలబడ్డాను.

"పందొమ్మిది మంది ఓటర్లు దారిలో ఉన్నారు. బతికున్నారో లేదో మనకి తెలీదు. నేను పెట్టిన తేదీ కోసమే వాళ్ళు బయల్దేరారు. ఈ ఓటు ఇవాళ జరపను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారి గోల లేచింది. వెనకనుంచి ఎవరో "పేనాలు పోతాయని తెలిసే బయల్దేరినారు, వాళ్ళ కోసమైనా జరపండి" అని అరిచారు. ఒకావిడ ఏడుస్తోంది, ఎందుకో తెలియదు.

సర్పంచి గారు నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు. "రేపు పెట్టుకోవచ్చేటి?"

"రేపంటే ఏడు రోజులే ముందు. చట్టం ఒప్పుకోదండి. ఇవాళ లేకపోతే సొరంగపట్నం తర్వాతే."

"అది తెలిసే ఆపుతున్నారా?"

"తెలిసే."

"ముప్ఫై ఏళ్ళుగా ఉన్నది ఇది, దమయంతి గారూ. మీ ఒక్కరిదీ కాదు."

"సంతకం నా ఒక్కదానిదే కదండీ," అన్నాను. అది పొగరుగా వినిపించి ఉంటుంది. నేను అనదలిచింది అలా కాదు. రద్దు కాగితం రాసి గోడకు అంటించాను. జనం ఒకరొకరుగా వెళ్ళిపోయారు. జగన్నాథం ఒక్కడూ ఉండి బల్లలు తీయడానికి సాయం చేశాడు.

రోజు 599

పదకొండున్నరకు ఉత్తరం గేటు దగ్గర నేల అదిరింది. దుమ్ములోంచి ముందు దీపాలు కనిపించాయి, తర్వాత ఇల్లంత యంత్రం. దాని వెనక తాడు కట్టి లాక్కొచ్చిన మంచుబావి బండి.

పందొమ్మిది మందీ బతికే ఉన్నారు. పట్టీ తెగి యాభై తొమ్మిదో గుర్తు దగ్గర నిలిచిపోయారట. ఆక్సిజన్ అయిపోవస్తుండగా నిన్న తెల్లవారుజామున యంత్రం వాళ్ళను అందుకుందట. గాలి వడపోసే గుడ్డ చిరిగి సన్నటి దుమ్ము లోపలికి వచ్చింది. ఒక్కరు తప్ప అందరూ దగ్గుతున్నారు గానీ నడవగలిగారు. అసిరయ్య మావయ్యకు పెదాలు నీలంగా ఉన్నాయి. మంచం మీద మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తులు కడిగే యంత్రానికి పెట్టారు. నాలుగు గంటలు పట్టింది. డాక్టరు బయటకొచ్చి, గండం గడిచినట్టే అంది.

సర్పంచి గారు కూడా ఆ వసారాలోనే కూర్చుని ఉన్నారు. నా వైపు చూడకుండా అన్నారు. "ఆ యంత్రం ఎలా వచ్చిందో మర్చిపోకండి."

"మర్చిపోలేదండి," అన్నాను.

నీలవేణి నీళ్ళు తాగి, మొహం కడుక్కుని వచ్చింది. హాలు గోడ మీద కాగితం చదివేసి వచ్చిందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

"మాకోసం ఆపీసినావంట."

"అవును."

"మాకోసం అని సెప్పకు వదినా." ఆమె గొంతు దుమ్ముతో బొంగురుపోయి ఉంది. "నీ మనసు కోసం ఆపీసినావు. మేం సచ్చిపోయినా మీరు ఓటు జరిపీసుంటే, ఎవులో ఒకలు లేచి ఈళ్ళెందుకు సచ్చిపోనారని అడిగేవోలు. అది పుస్తకంలోకి ఎక్కేది. ఇప్పుడేటుంది? బతికి వచ్చినాం, అడిగే రోజు పోనాది."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టి, మావగారి దగ్గరికి వెళ్ళిపోయింది. అందులో ఆమె ప్రశ్న ఉంది.

రోజు 604

పంచాయతీ సమావేశంలో నన్ను ఎన్నికల అధికారి పని నుంచి తప్పించారు. ముప్ఫై ఒక్కరు అనుకూలం, నలుగురు వ్యతిరేకం. జగన్నాథాన్ని ఆ స్థానంలో పెట్టారు. అతను వచ్చి ముద్ర తీసుకున్నాడు. "క్షమించండి దమయంతి గారూ," అన్నాడు. ఎందుకయ్యా, నీ చేతుల్లో బాగానే ఉంటుంది అని చెప్పి, సిరా ఎక్కడుందో చూపించాను.

కొందరు షెడ్డు ముందునుంచి వెళ్ళేటప్పుడు పలకరించడం మానేశారు. గుడ్డలకు మాత్రం వస్తున్నారు, రాక తప్పదు కదా.

రోజు 612

దుమ్ము పలచబడింది. రజిత నుంచి తీగ మీద ఉత్తరం. సొరంగపట్నం వాళ్ళు 606న మొదటి ఓటు వేశారు. ఉత్తరం చిన్నదే, ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అక్కా, మొదటి ఓటు మాదే అయింది. ఒక్క అభ్యర్థి రాలె. కింది సొరంగాలల్ల పెట్టనీకి మూడు మాటబొమ్మలు పంపిన్రు. మా అమ్మ పోయి అడిగింది, గోడలకెళ్ళి నీళ్ళు కారుతున్నయి, మా పరుపులు తడుస్తున్నయి అని. బొమ్మ ఏమన్నదో తెలుసా? సొరంగపట్నం ప్రజల ధైర్యానికి వందనం అన్నది. మా అమ్మ దాని మీద టవల్ కప్పేసి వచ్చింది. గా బండి పంపినందుకు కౌన్సిల్ నాకు నోటీస్ ఇచ్చింది. ఇచ్చుకోనీ. పదకొండు రాష్ట్రాల అధికారులను ఒక్క దగ్గర కూసోబెట్టాలె. నువ్వు రావాలె."

నేను ఇప్పుడు అధికారిని కాదని జవాబు రాశాను. సాయంత్రానికే రెండో ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే వాక్యం: "సాక్షిగ రా."

ఏడాది 32, రోజు 58

సొరంగపట్నంలో మూడు రోజుల సమావేశం ముగిసింది. జగన్నాథమూ నేనూ కలిసే వెళ్ళాం. సర్పంచి గారు బండి ఇచ్చారు. మేం బయల్దేరుతుంటే, "మరీ చివరికి నెట్టేయకండి మనల్ని," అన్నారు. అంతే.

నేను మాట్లాడింది పది నిమిషాలు. తేదీలన్నీ వరసగా చదివాను. ఇరవయ్యో ఏట మా ఓటు 240వ రోజున జరిగింది. ఇరవై నాలుగులో 190, ఇరవై ఎనిమిదిలో 120. ఈసారి అంతకుముందు ఏడాదిలోకే పోయి 598. తర్వాత ఆ బండి అరవై ఒకటో గుర్తు దాటాక ఏమైందో చెప్పాను. ప్రతి తేదీ కిందా ఒక సంతకం ఉందని, గత మూడు ఎన్నికలకూ, ఈసారికీ ఎర్రమెట్ట తరఫున అది నాదేనని చెప్పాను. ఎవరినీ తిట్టలేదు. తర్వాత రజిత తల్లి మాట్లాడింది. ఆమె అధికారి కాదు, సాక్షి కూడా కాదు, నేరుగా వచ్చి కూర్చుంది. లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రెండు నిర్ణయాలు జరిగాయి. ఒకటి, 200వ రోజుకు ముందు ఏ రాష్ట్రమూ ఎంపిక ఓటు పెట్టకూడదు, వరస ప్రతిసారీ చీటీలు తీసి తేలుస్తారు, సొరంగపట్నం ఓటు కూడా మళ్ళీ జరగాలి. రెండు, ఏ రాష్ట్రం హాల్లో అడిగిన ప్రశ్న అయినా పుస్తకంలోకి ఎక్కాలి, దానికి జవాబు రావాలి. రెండో దాని కోసం రోజున్నర వాదన జరిగింది. జగన్నాథం చాలా బాగా మాట్లాడాడు. నాకు ఆశ్చర్యమేసింది.

చీటీల్లో సొరంగపట్నానికి మూడు, మాకు ఏడు వచ్చాయి.

ఊరికి తిరిగొచ్చి సర్పంచి గారికి చెప్పాం. "ఏడు," అన్నారు, నోట్లో వేసుకుని రుచి చూసినట్టు.

రోజు 251

ఇవాళ మా ఓటు. ఆకాశం శుభ్రంగా ఉంది, దూరపు కొండల అంచులు కూడా కనిపిస్తున్నాయి. మంచుబావి నుంచి నలభై ఏడు మందీ వచ్చారు. సింహాద్రిని చక్రాల కుర్చీలో తెచ్చారు. అసిరయ్య మావయ్య నడిచే వచ్చాడు గానీ పదడుగులకోసారి ఆగుతున్నాడు. గొంతు పోయింది, గుసగుసగా తప్ప మాట్లాడలేడు.

ముగ్గురు అభ్యర్థుల్లో ఇద్దరు మిగిలారు. వాళ్ళలో ఒకాయన రాలేదు. వరూధిని నిన్న సాయంత్రం వచ్చింది. రేపు పొద్దున్నే ఎనిమిదో రాష్ట్రానికి వెళ్ళాలట. తొమ్మిది రోజులు ఉండే మనుషులు ఇక మాకు రారు. అది పోయింది. పోయిందనే రాసుకోవాలి.

బొమ్మలో కనిపించినదానికన్నా పొట్టి మనిషి. పీట మీద కూర్చుని అందరి మాటా వింది. కొన్నిటికి బాగానే చెప్పింది, కొన్నిటికి తడబడింది. నీలవేణి లేచింది. నేను నిన్ననే ఆమె కాగితం ఆమెకు తిరిగి ఇచ్చేశాను. ఆమె దాన్ని తెరవలేదు.

"మా బావి తాడు తెగితే, కిందున్నోళ్ళని పైకెవులు లాగుతారు?"

వరూధిని వెంటనే నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "ఎంత లోతు?"

"మూడు వందల మీటర్లు."

"రెండో తాడు లేదా?"

"ఉంటే అడుగుతానా?"

"నాకు తెలియదు," అంది వరూధిని. "చూడకుండా చెబితే అబద్ధం అవుతుంది."

అసిరయ్య మావయ్య కోడలి చెవిలో ఏదో అన్నాడు. నీలవేణి అందరికీ వినపడేలా చెప్పింది. "రేపు మా బండి ఎల్తాది, సోటుంది అంటన్నాడు మా మావ."

వరూధిని తన సహాయకుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ నీలవేణి వైపు తిరిగి, "ఎన్నింటికి?" అంది. వెళుతుందో లేదో రేపు తెలుస్తుంది. ప్రశ్న మాత్రం పుస్తకంలోకి ఎక్కింది. జగన్నాథం రాస్తుంటే దగ్గరుండి చూశాను.

మధ్యాహ్నం ఓటింగు మొదలైంది. నేను అలవాటుకొద్దీ గోడ వారగా, బల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఎన్నికల అధికారికి ఓటు ఉండదు. పక్షపాతం రాకూడదని అలా పెట్టారు. మూడు ఎన్నికల్లో నాలుగువందల పైచిలుకు చేతులకు కాగితాలు అందించాను, నేనెప్పుడూ తీసుకోలేదు. ఇప్పుడు నేను అధికారిని కానన్నది గుర్తు లేకుండానే నిలబడి ఉన్నాను.

"దమయంతి గారూ," అన్నాడు జగన్నాథం, జాబితా మీద వేలు పెట్టి.

ఏదో సాయం కావాలేమో అనుకుని వంగాను.

"మీ పేరండి," అన్నాడు.

వరసలోకి వస్తే నా ముందు సర్పంచి గారు ఉన్నారు. ఆయన పక్కకు జరిగి, మీరు వెళ్ళండి అన్నట్టు చెయ్యి చూపించారు. నేను ఆయన వెనకే నిలబడ్డాను. ఆయన కాగితం వేసి వెళ్ళాక నా వంతు వచ్చింది. తెర వెనక చాలాసేపు ఉన్నానని తర్వాత నీలవేణి వేళాకోళం చేసింది. ఎవరికి వేశానో ఇక్కడ రాయడం లేదు.